మత్తడి దుంకే నాలుగు రోజులు

చేవెళ్ల, మొయినాబాద్‌లలో పేరున్న జలపాతం ఒక్కటీ లేదు. అయినా గట్టివాన పడిన మర్నాడు నగరం నుంచి కెమెరాలు అటే బయల్దేరతాయి... దూకే నీటిని తెల్లటి పట్టుదారాల్లా మార్చే ‘లాంగ్ ఎక్స్‌పోజర్’ ఫొటో కోసం. ఇంతకీ ఆ ఫొటో ఏం చూపిస్తుంది? ఏం దాస్తుంది?

రాత్రంతా దంచికొట్టిన వాన తెల్లవారుజామున తెరిపిచ్చింది. ఆదివారం. నగరంలో చాలా గుమ్మాల ముందు పాలప్యాకెట్లు ఇంకా అలాగే ఉన్నాయి. అప్పా జంక్షన్ దాటి బీజాపూర్ రోడ్డెక్కిన కుర్రాళ్ల బైకులు మాత్రం తడిసి ముద్దయిన మర్రిచెట్ల కిందుగా మొయినాబాద్ వైపు సాగిపోతున్నాయి. వీపున నల్లసంచి, దానికి అడ్డంగా కట్టిన మూడుకాళ్ల స్టాండు. ఈ దారిన ఫామ్‌హౌస్‌లకు వెళ్లేవాళ్లుంటారు. చిలుకూరు బాలాజీ గుడిలో ప్రదక్షిణలు చేయడానికి వెళ్లేవాళ్లుంటారు. వీళ్లు ఆ రెండు రకాలూ కాదు. నీళ్లు దూకే చోటు వెతుక్కుంటూ వెళుతున్నారు.

మరి చేవెళ్ల దారిలో జలపాతం ఎక్కడుంది? లేదు. ఇది దక్కన్ పీఠభూమి. ఎర్రమట్టి, రాతిగుట్టలు, కూరగాయల మళ్లు, పూలతోటలు... నేల పెద్దగా ఎత్తుపల్లాల్లేకుండా పరుచుకుని ఉంటుంది. అసలు సిసలు జలపాతం కావాలంటే ఆదిలాబాద్ జిల్లాలో కడెం నది దూకే కుంటాలకు వెళ్లాలి. లేదంటే ములుగు జిల్లా వాజేడు దగ్గరి బొగత, నల్లమలలోని మల్లెలతీర్థం, నాగార్జునసాగర్ పక్కన చంద్రవంక దూకే ఎత్తిపోతల. ఏది చూసినా పొద్దున వెళ్లి టిఫిను వేళకు తిరిగొచ్చేంత దగ్గరేం కాదు.

కానీ ఇక్కడ చెరువులున్నాయి. చెరువు నిండితే మత్తడి దుంకుతుంది!

కట్టకు ఓ చివరన, కట్ట కంటే తక్కువ ఎత్తులో రాతితో పొడుగ్గా గోడ కడతారు. చెరువు నిండాక మిగులు నీళ్లు కట్టను తెంచకుండా ఆ గోడ మీద నుంచి పొర్లి అవతలి వాగులోకి పోతాయి. మిగతా చోట్ల అలుగు పారిందంటారు. తెలంగాణ పల్లెల్లో ‘మత్తడి దుంకింది’ అంటే చాలు, ఊరు ఊరంతా చూడ్డానికి కదులుతుంది. ఆడవాళ్లు కట్టమైసమ్మకు కొబ్బరికాయ కొడతారు. మగవాళ్లు వలలు తీస్తారు, ఎదురెక్కే చేపల కోసం. మనిషి ఎత్తు గోడ మీద నుంచి పది పదిహేను గజాల వెడల్పున పరదాలా దిగే నీళ్లు, కింద రాళ్ల మీద నురగ... కెమెరాకు ఇంతకన్నా కావలసిందేముంది? 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చాలా చెరువుల పూడిక తీసి, తూములూ మత్తళ్లూ బాగుచేశారు. కొత్త సిమెంటు మత్తడి నీటికి మంచిదే కానీ ఫొటోకు కాస్త అన్యాయం చేస్తుంది. నీళ్లు అద్దంలా ఒకే మందంలో జారిపోతాయి. పాత రాతిగోడయితే ప్రతి రాయి దగ్గరా చీలి, మలుపు తిరిగి, మళ్లీ కలుస్తాయి. ఆ చీలికలే ఫొటోలో దారాలవుతాయి.

ఒక్క బొట్టు... అర సెకను

దూకే నీళ్లు ఫొటోలో పాలధారలా ఎలా మారతాయన్నది చాలామందికి కంప్యూటర్ మాయలా అనిపిస్తుంది. మాయేం లేదు, చిన్న లెక్క. రెండు మీటర్ల ఎత్తున్న మత్తడి అనుకుందాం. పైనుంచి జారిన బొట్టు కింద పడడానికి పట్టేది అర సెకను కంటే కాస్త ఎక్కువ. నేలను తాకేసరికి దాని వేగం సెకనుకు ఆరు మీటర్ల పైమాటే. కెమెరా షట్టరు సెకనులో అయిదు వందల వంతు మాత్రమే తెరుచుకుంటే ఆ కాసేపట్లో బొట్టు కదిలేది సెంటీమీటరుకు కొంచెం అటూఇటూ. కాబట్టి ఫొటోలో బొట్లు గాజుపూసల్లా గాల్లో నిలబడి కనిపిస్తాయి. సెకనులో ముప్ఫయ్యో వంతు తెరిస్తే ప్రతి బొట్టూ జానెడు గీతవుతుంది. పావు సెకను తెరిస్తే ఆ గీత మీటరున్నరకు సాగుతుంది. పక్కపక్క గీతలు కలిసి నేతగుడ్డలా కనిపిస్తాయి. రెండు సెకన్లు తెరిచారా... ఒకే చోటు మీదుగా ఒకదాని వెంట ఒకటి బోలెడు బొట్లు దిగిపోతాయి. గీతలు కూడా పోయి తెల్లటి పొగ మిగులుతుంది.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. షట్టరు ఎంతసేపు తెరిస్తే అంత గొప్ప ఫొటో అనుకుంటారు. నలభై అయిదు మీటర్ల కుంటాల దగ్గర దూరంగా నిలబడి తీసేటప్పుడు రెండు మూడు సెకన్లు అందంగానే ఉండొచ్చు. అంత పెద్ద ధారలో ఎన్ని పాయలు కలిసిపోయినా చూడ్డానికి ఇంకా కొన్ని మిగులుతాయి. మనిషి ఎత్తు మత్తడికి అదే లెక్క పెడితే గోడకు తెల్ల దుప్పటి ఆరేసినట్టే ఉంటుంది. చిన్న మత్తళ్లకు సెకనులో ఎనిమిదో వంతు నుంచి అర సెకను దాకా చాలు. నీళ్లు మెత్తబడతాయి, కానీ నీళ్లేనని తెలుస్తుంది. పట్టుచీర బాగుందంటే మెరుపొక్కటే కాదు, నేత కూడా కనబడాలి కదా!

అసలు చిక్కు వెలుతురుతో. పగటి వెలుగులో షట్టరు అర సెకను తెరిస్తే ఫొటో మొత్తం తెల్లకాగితమే. అందుకే వీళ్లు సూర్యుడు పైకి రాకముందే చేరుకుంటారు. మబ్బు పట్టి ఉంటే మరీ సంతోషం. కెమెరాలో ఐఎస్ఓ 100కు తగ్గిస్తారు, లెన్సు కన్నాన్ని ఎఫ్ 11 దగ్గర బిగిస్తారు. మబ్బుపట్టిన ఉదయం ఇలా సరిచేస్తే షట్టరు వేగం సెకనులో ముప్ఫయ్యో వంతు వచ్చిందనుకోండి. ఇక లెన్సుకు నల్ల కళ్లద్దాలు పెట్టడమే తరవాయి. అదే ఎన్‌డీ ఫిల్టరు. ఇందులో రకాలున్నాయి. మూడు స్టాపులది వెలుతురును ఎనిమిదో వంతుకు తగ్గిస్తుంది, షట్టరు పావు సెకనుకు వస్తుంది. ఆరు స్టాపులదైతే అరవై నాలుగో వంతు... రెండు సెకన్లు. పది స్టాపులది పెడితే వెలుతురు వెయ్యో వంతే లోపలికి వెళుతుంది, అర నిమిషం పైగా ఆగాలి. మత్తడి కోసమే అయితే మొదటిది కొంటే సరిపోతుంది. దాని కంటే ముందు పోలరైజర్ కొనుక్కోవడం ఇంకా తెలివైన పని. అది కూడా వెలుతురును ఒకటిన్నర రెండు స్టాపులు తగ్గిస్తుంది. పైగా తడిరాళ్ల మీద, ఆకుల మీద తళతళలాడే తెల్లటి మెరుపును తుడిచేసి అసలు రంగును బయటకు తెస్తుంది.

డబ్బుల్లేవా? వెల్డింగ్ పనివాళ్లు ముఖానికి పెట్టుకునే ముదురు అద్దం ముక్కను రబ్బరుబ్యాండుతో లెన్సుకు బిగించి లాగించేవాళ్లూ ఉన్నారు. ఫొటో ఆకుపచ్చగా వస్తుంది. అయితేనేం, బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చేస్తారు.

స్టాండు బురదలో కూరుకుపోకుండా కాళ్ల కింద చదునైన రాళ్లు పెట్టాలి. మీట వేలితో నొక్కకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టాలి. తుంపర్లు లెన్సు మీద పడకుండా మెత్తటి గుడ్డ జేబులో ఉండాలి. నీటి తెలుపు పూర్తిగా వెలిసిపోకుండా ఎక్స్‌పోజర్ కాస్త తక్కువే ఇవ్వాలి. ఒకసారి తెల్లబోయిన చోట ఆ తర్వాత ఏం చేసినా గీతలు తిరిగిరావు. ఫిల్మురోజుల్లో కష్టం ఇంకా ఎక్కువ. ఎక్స్‌పోజర్ ఒక సెకను దాటితే ఫిల్ము మందగించేది. లెక్క ప్రకారం ఇచ్చిన టైము చాలక, దాని మీద ఇంకాస్త కలపాల్సి వచ్చేది. ముప్ఫై ఆరు ఫొటోల రీలు కడిగించేదాకా ఏది కుదిరిందో తెలిసేది కాదు. ఇప్పుడు ఫోన్లే ఆ పని చేస్తున్నాయి. ఐఫోన్‌లో 2017 నుంచి లైవ్‌ఫొటోను లాంగ్ ఎక్స్‌పోజర్‌గా మార్చుకునే వీలుంది. వరసగా తీసిన ఫ్రేములను ఒకదాని మీద ఒకటి పరిచి కలిపేస్తుందంతే.

కదలనివాళ్లే మిగులుతారు

నీళ్లను పొగలా తీయడం ఒకప్పుడు కళ కాదు, గతిలేక. పందొమ్మిదో శతాబ్దంలో గాజుపలకల మీద ఫొటో పడాలంటే సెకన్లు, ఒక్కోసారి నిమిషాలు ఆగాల్సిందే. ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 1872లో అమెరికాలోని యోసెమిటీ లోయలో తీసిన జలపాతాలన్నీ దూదిపింజల్లా ఉంటాయి. తమాషా ఏమిటంటే, పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను విడిచి ఉండే క్షణాన్ని 1878లో పట్టి చూపించి లోకాన్ని నివ్వెరపరిచింది కూడా ఆయనే. కాలాన్ని సాగదీయడమూ, ఆపడమూ... రెండూ ఒక్క చేతి మీదుగానే జరిగాయి.

అంతకంటే ముందు 1838లో ఫ్రాన్స్‌లో లూయీ డగేర్ తన కిటికీలోంచి పారిస్ వీధిని ఫొటో తీశాడు. బండ్లూ జనమూ కిటకిటలాడే వీధి. ఫొటోలో మాత్రం ఖాళీ! నిమిషాల తరబడి సాగిన ఎక్స్‌పోజర్‌లో కదిలినవాళ్లంతా చెరిగిపోయారు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒక్కచోటే నిలబడ్డ మనిషి, అతని కాళ్ల దగ్గరున్న మరో మనిషి మాత్రం మిగిలారు. మనుషులు పడ్డ తొలి ఫొటోల్లో ఒకటిగా అది చరిత్రకెక్కింది.

మత్తడి దగ్గర కూడా ఇదే జరుగుతుంది. సెల్ఫీల కోసం అటూఇటూ తిరిగేవాళ్లు రెండు సెకన్ల ఫొటోలో మసకబారతారు. మోకాలిలోతు నీళ్లలో వల పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డ మనిషి చెక్కుచెదరకుండా ఉంటాడు. ఇవతలి ఒడ్డున కూర్చున్న అవ్వ ఉంటుంది. మైసమ్మ రాయీ, దాని మీది పసుపూ ఉంటాయి. కొందరు ఫొటోగ్రాఫర్లు మనుషులు తప్పుకునేదాకా ఎదురుచూసి ‘నీట్‌గా’ తీస్తారు. అలా తీసింది ఏ ఊరి మత్తడో పోల్చుకోవడం కష్టం. వల మనిషిని ఉండనిచ్చిన ఫొటో చేవెళ్ల దారి ఫొటో అవుతుంది.

గేట్లెత్తిన రోజు

ఇక్కడ చెరువుల మత్తళ్లు చిన్నన్నలైతే పెద్దన్నలు ఇద్దరున్నారు. మొయినాబాద్‌కు ఒకపక్క మూసీ మీద గండిపేట, అదే ఉస్మాన్‌సాగర్. ఇంకోపక్క ఈసీ మీద హిమాయత్‌సాగర్. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తి వేలమందిని పొట్టనపెట్టుకున్నాక నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను నగరానికి ఎగువనే ఆపాలన్న ఆయన సలహాతోనే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మొదటిదానికి 15 గేట్లు, రెండోదానికి 17. 2020 అక్టోబరులో హిమాయత్‌సాగర్ గేట్లెత్తినప్పుడు జనం పండక్కి వెళ్లినట్టు వెళ్లారు. 2021లో, 2022లో రెండింటి గేట్లూ తెరుచుకున్నాయి.

ఆ గేట్ల కింది నీళ్లను ఫొటో తీయాలంటే ఎంత నీరో ముందు అర్థం కావాలి. క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్లు. వెయ్యి క్యూసెక్కులు వదిలారని వార్తలో చదివితే సెకనుకు 28 వేల లీటర్లు పోతున్నట్టు. ఆ నీటిని రెండు సెకన్ల ఎక్స్‌పోజర్‌తో తీస్తే ఆ ఒక్క ఫొటోలో 56 వేల లీటర్లు దూకినట్టే. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పదకొండు! వేసవిలో ఒక్క ట్యాంకరు కోసం బుక్ చేసి రోజుల తరబడి ఎదురుచూసే కాలనీలవాళ్లకు ఈ లెక్క ఇంకా బాగా తెలుస్తుంది.

కానీ ఫొటోలో ఆ బరువు కనబడదు. అదే ఈ విద్యలో ఉన్న పెద్ద మోసం. గేటు కింద నీళ్లు ఎర్రమట్టితో చాయ్ రంగులో, చెవులు హోరెత్తించే రొదతో బండల్ని గుద్దుకుంటూ పోతుంటాయి. లాంగ్ ఎక్స్‌పోజర్‌లో అదంతా లాలిపాటంత మెత్తగా మారిపోతుంది. రంగు నచ్చక బ్లాక్ అండ్ వైట్ చేస్తే మట్టి కూడా మాయం. వరద ఉద్ధృతి చూపించాలంటే షట్టరును సెకనులో వెయ్యో వంతుకు పెంచి, ఎగిరిపడే నీటిముద్దల్ని గాల్లోనే ఆపాలి. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల నుంచి భారీగా నీళ్లు వదిలాక నగరం నడిబొడ్డున మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి మూసీ వచ్చేసింది. అలాంటి రోజున నీటిని పట్టులా చూపించే ఫొటో ఎంత అందంగా ఉన్నా అబద్ధమే చెబుతుంది.

గేట్లెత్తితే హిమాయత్‌సాగర్ కింద ఔటర్ రింగురోడ్డు సర్వీసు రోడ్డు మీదికి నీళ్లొస్తాయి, దారి మూసేస్తారు. ఆ అడ్డుకట్టల పక్కనుంచి దూరి కిందికి దిగడం సాహసం అనిపించుకోదు. ఇంకో గేటు ఎప్పుడెత్తుతారో కింద నిలబడ్డవాడికి తెలియదు. దూరం నుంచి పొడుగు లెన్సుతో తీసుకోవడమే మేలు. చిన్న మత్తడి కూడా తక్కువదేం కాదు. గోడ మీద పాకుడు సబ్బులా ఉంటుంది. నీళ్లు పడేచోట ఏళ్ల తరబడి తొలిచిన గుంట ఉంటుంది, నురగ కింద దాని లోతు కనబడదు. కుంటాల దగ్గర ఏళ్ల తరబడి ప్రాణాలు పోతూనే ఉన్నాయి. ఫొటోల్లో అదెంత సౌమ్యంగా కనిపిస్తుందో చూశాక, కింది మడుగులోకి దిగాలనిపించడంలో వింతేముంది!

నురగకు రంగు లేదు

మూసీ పుట్టేది వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో. చేవెళ్ల నుంచి గంట ప్రయాణం. వానాకాలంలో ఆ అడవిలో సన్నటి పాయలు రాళ్ల మీదుగా జారుతుంటాయి. అక్కడ సెకను ఎక్స్‌పోజర్‌తో ఓ ఫొటో తీసి, అదే నది నగరం దాటాక తూర్పున ఇంకో ఫొటో తీసి పక్కపక్కన పెడితే... రెండోదే ఇంకా తెల్లగా, ఇంకా ‘పాలనురగ’లా ఉంటుంది. ఎందుకంటే అక్కడ నిజంగానే నురగ ఉంటుంది. నగరం మురుగు, రసాయనాలు కలిసి చిక్కటి నురగ కట్టి, చిన్న దూకుడు దగ్గర కూడా గుట్టలుగా పేరుకుంటుంది. షట్టరు తెరిచి ఉంచితే ఆ నురగ సుడులు తిరుగుతూ గీసే వలయాలు భలేగా వస్తాయి. ముక్కు మూసుకుని తీశారని చూసేవాళ్లకు తెలియదు.

మత్తడి నీళ్లు మొదటి ఫొటోలా ఉంటాయా, రెండోదానిలా మారతాయా అన్నది ఎగువన జరిగేదాన్ని బట్టే. జంట జలాశయాలకు నీరు వచ్చే ప్రాంతాన్ని కాపాడటానికి 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. జలాశయాల నిండు నీటిమట్టం నుంచి పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలకూ పెద్ద నిర్మాణాలకూ అడ్డుకట్ట వేసింది. మొయినాబాద్, చేవెళ్ల మండలాల ఊళ్లూ అందులో ఉన్నాయి. నగరం అంచునే ఉండి కూడా భూముల ధర పెరగలేదని రైతుల బాధ. ఆంక్షలు ఎత్తేస్తే నీళ్లొచ్చే దారులు మూసుకుపోతాయని పర్యావరణవేత్తల భయం. 2022 ఏప్రిల్‌లో ఆంక్షల తొలగింపునకు 69 జీవో రావడంతో వాదన ఇంకా వేడెక్కింది. రెండువైపులా న్యాయం ఉన్నట్టే అనిపిస్తుంది. కాకపోతే వాగుకు అడ్డంగా ప్రహరీగోడ లేస్తే దిగువ చెరువుకు నీళ్లు రావన్నదాంట్లో వాదించడానికేం లేదు. నిండని చెరువుకు మత్తడి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఇదే దారిలో రోడ్డు వెడల్పు పనుల్లో వందల మర్రిచెట్ల గతేమిటన్నది ఇంకో పెద్ద కథ.

మామూలు జలపాతానికీ మత్తడికీ అసలు తేడా ఈ అనిశ్చితే. ఎత్తిపోతలకు వచ్చే నెలైనా వెళ్లొచ్చు. మత్తడి కొన్నేళ్లు దుంకనే దుంకదు. దుంకినా ఎగువన వాన ఆగిన మూడు నాలుగు రోజులకు పలచబడుతుంది. మొదటిరోజు మట్టినీళ్లు, హోరు... గోడ కనిపించదు. రెండోరోజు నీళ్లు తేటపడతాయి, పరదాలో చీలికలు మొదలవుతాయి. ఫొటోకు మంచిది మూడోరోజు. రాళ్లు బయటపడి, ఒక్కో రాతి మీద నుంచి ఒక్కో పాయ విడివిడిగా దిగుతుంటుంది. పావు సెకను చాలు. బతుకమ్మ పండగ నాటికి మత్తడి ఇంకా పారుతుంటే, సాయంత్రం పూట నీళ్లలో వదిలిన తంగేడు, గునుగు పూలు గోడ దాకా కొట్టుకొచ్చి ఒక్కొక్కటే దూకుతాయి. అప్పుడు అర సెకను తెరిస్తే తెల్లటి ధారలో పసుపుపచ్చ గీతలు పడతాయి.

ఆరితేరినవాళ్లు వేసవిలో కూడా ఒకసారి వచ్చిపోతారు, స్టాండు లేకుండా, చేతులూపుకుంటూ. ఎండిన మత్తడి మీద నడుస్తారు. కింది గుంట ఎంత లోతుందో, ఏ రాయి కదులుతోందో, ఏ పక్క నిలబడితే పొద్దుటి వెలుతురు వెనకనుంచి వస్తుందో చూసుకుంటారు. గొర్లకాపరిని పలకరిస్తారు. పోయినేడు ఎన్ని రోజులు దుంకిందో, ఎగువన కొత్తగా వేసిన కంచె వాగును ఎటు మళ్లించిందో పత్రికల కంటే ముందు అతనికే తెలుస్తుంది.